అరటినార పెట్టిన పేజీలు

రిటైరయ్యాక నన్ను కలిసే పాత విద్యార్థులు ముందు నా మోకాళ్ళ గురించి అడుగుతారు. కాస్త చనువున్నవాళ్ళయితే ఆ తర్వాత "ఏ పేజీ మేడం?" అని నవ్వుతారు. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పినన్నాళ్ళూ నాకున్న పేరు అదే, 'ఏపేజీ మేడం'. నా అసలు పేరు జీతాల బిల్లులో తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. పెళ్ళిళ్ళయి పిల్లలున్నా నాకు వాళ్ళు పిల్లలే. నవల ఎట్లా చెప్పాలి, ఇతివృత్తం మీద వ్యాసం ఎట్లా రాయించాలి అని అడుగుతారు. పద్ధతి ఒక్కటే అయితే పావుగంటలో చెప్పేస్తాను. కానీ ఆ పద్ధతి ఒకసారి నా కళ్ళముందే మొరాయించింది. దాన్ని మళ్ళీ కదిలించింది నేను కాదు. ఆ సంగతి దాచి పద్ధతి మాత్రం చెప్పడం నాకు ఇష్టంలేదు, అందుకని ఇది రాస్తున్నాను.

చిత్తూరుకు దగ్గర్లో ఒక చిన్న ఊరి ప్రభుత్వ కాలేజీ మాది. నేను తిరుపతి నుంచి రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. మా పిల్లలు ఎక్కువమంది మామిడితోటల ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. మంచి పిల్లలు, పలకరిస్తే ప్రాణం పెడతారు. పుస్తకం తెరవమంటే మాత్రం ఎక్కడలేని నీరసం ముంచుకొచ్చేది. నవల పాఠ్యంగా ఉండేది, నవలకో గైడు ఉండేది. నవల కొన్నవాడు అమాయకుడు, గైడు కొన్నవాడు తెలివైనవాడు అని వాళ్ళ లెక్క.

ఇతివృత్తం అంటే ఏమిటర్రా అని అడిగితే వెనక బెంచీ నుంచి "కథ మేడం" అని వచ్చేది. కథ కాదు అంటే "నీతి మేడం" అని ముందు బెంచీ. ఆ రెండూ కాదని నేను గొంతు చించుకున్నాక పరీక్షలో అందరూ ఒకే వాక్యం రాసేవాళ్ళు: "ఈ నవలలోని ఇతివృత్తం స్త్రీ సహనము. స్త్రీ భూదేవి వంటిది." గైడులో ఉన్నది అదే. భూదేవిని తలుచుకోని జవాబుపత్రం దొరికిన రోజున నేను పక్కవాళ్ళను పిలిచి మరీ చూపించేదాన్ని.

నేను తిరుమలలో పుట్టి పెరిగినదాన్ని. మా నాయన స్వామికి పూలు కట్టే కొలువులో ఉండేవారు. కొండమీదికి వచ్చిన పువ్వు ఏదైనా స్వామిది. ఆడవాళ్ళు ఒక్క రేకు కూడా తలలో పెట్టుకోరు. నా చిన్నప్పుడు బస్టాండు దగ్గర కింది నుంచి వచ్చిన చుట్టాలు జడలో పూలు తీసేసి సంచీలో దాచుకుంటుంటే చూసేదాన్ని. ఒకరోజు క్లాసులో ఒళ్ళు మండి ఆ మాటే చెప్పాను. "గైడులో మాట తెచ్చి మీ మాటగా రాసుకోవడం కొండమీద పువ్వు జడలో పెట్టుకుని తిరగడం లాంటిది. ఎవరిదో చెప్పి వాడుకోండి. లేదా మీ పువ్వు మీరు పూయించుకోండి." గైడు తప్పని వాళ్ళకు ఎన్నడూ అనిపించలేదు. పువ్వు మాట మాత్రం గట్టిగా తగిలింది.

ఆ ఊపులోనే నార మొదలుపెట్టాను. మా నాయన అరటినారతోనే పూలు కట్టేవారు. ఆ నార చీల్చి, సన్నటి పోగులు క్లాసుకు తీసుకెళ్ళాను. నవలలో ఒక సంగతి మళ్ళీ మళ్ళీ వస్తోందని అనిపిస్తే అది వచ్చిన ప్రతి పేజీలో ఒక పోగు పెట్టమన్నాను. పుస్తకం మూస్తే పోగులు బయటికి వేలాడుతాయి. ఎక్కడెక్కడ వేలాడుతున్నాయో చూస్తే ఆ సంగతి నవల పొడుగునా ఉందో, ఒక్కచోటే తచ్చాడుతోందో తెలిసిపోతుంది. ఆ పేజీల్లో రచయిత రాసిన మాటలు పువ్వులు. మీరు అనుకున్నది నార. ఈ మాటకూ ఆ ఆలోచనకూ ఏమిటి సంబంధం అని మీరు రాసే రెండు వాక్యాలు ముడి. ముడి వెయ్యకుండా పువ్వులు నార మీద పేర్చితే లేచి నిలబడగానే రాలిపోతాయి అని చెప్పాను. ప్రతి మాట పక్కనా పేజీ అంకె వెయ్యాలన్నాను. అంకె లేకపోతే నేను ఒప్పుకునేదాన్ని కాదు. అందుకే ఆ పేరొచ్చింది.

పిల్లలు నన్ను బాగానే ఏడిపించారు. 'ఓర్పు' మీద నార పెట్టుకురమ్మంటే ఒకడు ఓర్పు అన్న మాట ఉన్న పేజీలు వెతికాడు. ఆ మాట నవలలో ఎక్కడా లేదని వచ్చి దిగులుగా నిలబడ్డాడు. ఇంకొకడు నాయిక ఏడ్చిన ప్రతిచోటా పోగు పెడితే పుస్తకం మూతపడలేదు. ఒకమ్మాయి జ్వరమొచ్చిందని సెలవుచీటీ రాసి కింద "రుజువు: నుదురు" అని పెట్టింది. మా చరిత్ర లెక్చరర్ ఆ చీటీని స్టాఫ్‌రూములో అందరికీ చదివి వినిపించాడు. ఆయనది నోటి నిండా నవ్వు, ఎవరినీ వదిలేవాడు కాదు.

"ఏంది మేడం, పరీక్షలో రాసేది గైడు. మీరు చదివించేది నవల. వాళ్ళు ఎట్ల పాసయ్యేది?" అన్నాడు.

"మీ పిల్లలు రాజుల పేర్లు గైడులోవే రాస్తారు కదా, మీరేం చేస్తున్నారు?" అన్నాను.

"నేను గైడే చదివిస్తా ఉండాను మేడం. నాకు అబద్ధం చేతకాదు," అన్నాడు. ఆయన మీద కోపం నిలబెట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

ఇక ఆ అమ్మాయి సంగతి. బంగారుపాళ్యం దగ్గరి పల్లె. తండ్రి లేడు. తల్లి మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పనికి, మిగతా కాలం కూలికి వెళ్ళేది. ఇంట్లో నాయనమ్మ, ఇద్దరు అన్నలు. అమ్మాయి క్లాసులో నోరు విప్పేది కాదు. ఏదైనా అడిగితే లేచి నిలబడి, జవాబు తెలిసినా తెలియకపోయినా ఒకేలా కిందికి చూసేది. చివరి సంవత్సరంలో తెలుగు తీసుకున్నవాళ్ళు ఒక నవల మీద ప్రాజెక్టు రాయాలి. ఈమె పాఠ్యంగా ఉన్న నవలనే తీసుకుంది. పేరెందుకు గానీ, ఉమ్మడి కుటుంబంలో కోడలిగా వచ్చిన అమ్మాయి కథ అది. నోరులేని కోడలు, నోరున్న అత్త, ఆఖరికి అంతా సర్దుకున్నట్టే ఉంటుంది.

మొదటి చిత్తుప్రతి తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. చదివితే భూదేవి లేదు. నాకు అక్కడే ప్రాణం లేచొచ్చింది. "ఈ నవల ఓర్పు గురించి కాదు. ఆకలి గురించి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలిందే కోడలికి. మా ఇంట్లో మా అమ్మ కూడా అంతే. అందరికీ పెట్టి చివర తింటుంది" అని రాసింది. ఆ తర్వాత పేజీన్నర వాళ్ళమ్మ గురించే. నవల లేదు, పేజీ లేదు, రచయిత మాట ఒక్కటీ లేదు.

నేను ఎర్రసిరాతో ఆ పేజీన్నరా కొట్టేసి పక్కన రాశాను: "మీ అమ్మ ఈ నవలలో లేదు. నవలలో చూపించు." తెలుగు చెప్పేవాళ్ళు అందరూ ఏదో ఒకరోజు రాయాల్సిన మాటే అది. ఇప్పటికీ అది తప్పనను. అయితే కాగితం చేతికిచ్చినప్పుడు ఆ అమ్మాయి ముఖం చూడకుండా ఉండాల్సింది.

"అదెందుకు కొట్టేసినారు మేడం?" అంది. మూడేళ్ళలో నన్ను తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న.

"నువ్వు చెప్పేది నిజమే. కానీ నవల గురించి చెప్పడానికి నవలే సాక్షి. మీ అమ్మను తెచ్చి సాక్ష్యం చెప్పిస్తే, అవతలివాడు వాళ్ళమ్మను తెస్తాడు. వాళ్ళమ్మ ముందే తింటుందేమో."

నవ్వలేదు. "నా దగ్గర నవల లేదు మేడం. గైడే ఉండాది," అంది. ఇన్నాళ్ళూ లైబ్రరీలో చదువుతూ ఉండేదట. లైబ్రరీ కాపీ వేరే ఎవరో పట్టుకెళ్ళారు. నా సొంత కాపీ తీసిచ్చాను. నేను చదువుకునే రోజుల్లో కొన్నది, అట్ట ఊడి, మధ్యలో నా చెయ్యిరాతలు. దాంతోపాటు ఒక గుప్పెడు నార కూడా ఇచ్చాను.

ఆమె మళ్ళీ వచ్చేసరికి మామిడి పూత దిగి పిందెలు పడ్డాయి. పుస్తకం నా బల్లమీద పెట్టింది. ఒక అంచున నారలు వరసగా, మొదటి నుంచి చివరిదాకా వేలాడుతున్నాయి.

"అన్నీ వంటిల్లే మేడం," అంది. "భోజనాలు వచ్చిన చోటంతా చూసినాను. అందరూ కూసుంటారు. అత్త కూసోమంటాది, లేకపోతే అనదు. ఏదైనా సరే ఆ పిల్ల ఒకే మాట అంటాది. 'మీరు తినండి, నాకేం తొందర.' గైడులో దీన్నే ఓర్పు అని రాసినారు. కానీ ఆ మాట అన్నాక రచయిత ప్రతిసారీ గిన్నెలో ఏం మిగిలిందో రాసినాడు మేడం. ఓర్పు గురించి చెప్పాలంటే గిన్నె ఎందుకు?"

నేను ఆ నవలను నా సర్వీసు పొడుగునా చెప్పాను. ఆ గిన్నెలను ఎప్పుడూ పట్టించుకోలేదు. నాకు ఆ క్షణంలో కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. మనం విత్తనం వేశామని కూడా మరిచిపోయిన చోట చెట్టు కనిపిస్తే ఉండే సంతోషం. ఆమెను కూర్చోబెట్టి టీ తెప్పించాను. టీ తాగడం కూడా కిందికి చూసే తాగింది.

ప్రాజెక్టు శుభ్రంగా రాసింది. ప్రతి మాట పక్కన పేజీ అంకె, కింద ముడి. ఈలోగా ఆమెకు బి.ఇడి. ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. తెలుగు టీచర్ కావాలని ఆమెకు చిన్నప్పటి నుంచీ కోరిక. డిగ్రీ ఫలితాలు చేతిలో ఉంటేనే సీటు. ప్రాజెక్టులో తప్పితే ఆ యేడు పోతుంది. అన్నలు అప్పటికే ఫ్యాక్టరీ ఆఫీసులో చేరమని గొడవ చేస్తున్నారు. ఆమెకు ఈ ఒక్క ప్రాజెక్టు మీదే అంతా ఆధారపడి ఉందని నాకు తెలుసు. అందుకే వైవా రోజున ఆమె కంటే నాకే ఎక్కువ గాబరా.

మామిడి సీజను నడుస్తోంది. బస్సు దిగితే ఊరంతా తోతాపురి వాసన. బయటి పరీక్షకుడు నెల్లూరు వైపు కాలేజీ నుంచి వచ్చిన పెద్దమనిషి. ఆయన సంచీలోంచి కొత్త అట్టతో నవల తీసి బల్లమీద పెట్టాడు. బస్సులో మళ్ళీ ఒకసారి చదివాను అన్నాడు. చదివి వచ్చే పరీక్షకుడు దొరకడం ఎంత అరుదో ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. నాకు ధైర్యం వచ్చింది. అది ఎంతోసేపు నిలవలేదు.

పద్ధతి ప్రకారం ప్రాజెక్టు రాయించిన నేను పక్కన కూర్చోవచ్చు, నోరెత్తకూడదు. ఆయన ఆమె ప్రాజెక్టు తెరిచి మొదటి రుజువు దగ్గర వేలు పెట్టి, తన పుస్తకంలో ఆ పేజీ తీశాడు. చదివాడు. రెండోది తీశాడు. మూడోది. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"అమ్మా, కోడలు చివర తిన్నదని నువ్వు రాసిన పేజీలో ఎద్దుల బేరం జరుగుతోంది. రెండోచోట బావి తవ్వుతున్నారు. మూడోచోట అసలు వీళ్ళు ఊళ్ళోనే లేరు. ఈ మాటలు నవలలో ఉన్నాయా, నువ్వు కల్పించావా?"

నేను ఆయన పుస్తకం అట్ట చూశాను. అప్పుడు అర్థమైంది. అది కొత్త ముద్రణ. ఆమె రాసింది ముప్పాతిక ప్రాణం పోయిన నా పాత పుస్తకం నుంచి. అక్షరాల సైజు మారితే పేజీలు మారవూ? ఇన్నేళ్ళూ అంకె, అంకె అని పిల్లల ప్రాణం తీసినదాన్ని, ఏ ముద్రణ అని రాయించాలన్న ఇంగితం నాకు లేకపోయింది. నోరు తెరవబోయాను.

"మీరు తర్వాత మేడం," అన్నాడాయన. గొంతులో కరుకుదనం లేదు, కానీ మాట ఖాయంగానే ఉంది. కూర్చున్నాను.

ఆమె ఎప్పట్లాగే కిందికి చూస్తోంది. ఇక అయిపోయింది అనుకున్నాను. అప్పుడు తల ఎత్తింది.

"సార్, పేజీ చూడద్దండి. కొత్తకోడలు ఇంటికి వచ్చిన రోజు తియ్యండి. పెళ్ళివాళ్ళంతా తిని బండ్లు ఎక్కినాక, దీపాలు తీసేసే ముందు. ఆడ ఉంటాది."

ఆయన పేజీలు తిప్పాడు. ఆగాడు. పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. "ఇంకోటి?" అన్నాడు.

"పెద్దెద్దు చచ్చిపోయినాక. వాన ఇంకా మొదలు కాలేదు సార్. మామ అన్నం వద్దని లేచిపోయినాడే, దాని వెనకే."

అదీ దొరికింది. మూడోదీ దొరికింది. దేని తర్వాత ఏది, దేని పక్కన ఏది, మొత్తం నవల ఆమె చేతిలో పూలమాలలా ఉంది. మా నాయన కూడా మాల కట్టేటప్పుడు పువ్వుల లెక్క చూసుకునేవారు కాదు. దీని పక్కన ఏది అని మాత్రమే చూసేవారు. నాకు ఆ ముక్క అప్పటిదాకా తట్టలేదు.

"అంకెలు ఎందుకు తప్పాయి?" అని అడిగాడాయన.

"మా మేడం పుస్తకం సార్. పాతది," అంది. నా మీద నింద పడుతుందేమో అని సగం మింగేస్తూ అంది. నేను తల ఊపాను. ఆయన మొదటిసారి నవ్వాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

కానీ ఆయన వదల్లేదు. పుస్తకం చివరి వైపు తిప్పి ఒకచోట వేలు పెట్టాడు. "అత్త చచ్చిపోయింది. కర్మలన్నీ అయ్యాయి. ఆ మర్నాడు ఈ కోడలే అందరికంటే ముందు కూర్చుని కడుపునిండా తిన్నది. ఇది నీ ప్రాజెక్టులో లేదు. చూడలేదా?"

చూడలేదు అంటే సరిపోయేది. అంటుందనే నేను అనుకున్నాను.

"చూసినాను సార్," అంది. "నేను అనుకున్నదానికి అది ఒప్పలేదు. అందుకని వదిలేసినాను."

అంత నిజాయితీ ఇప్పుడు ఎవరడిగారు నిన్ను అని లోపల తిట్టుకున్నాను. ఆయన పుస్తకం ఆమె ముందుకు జరిపాడు.

"ఇప్పుడు చదువు. పైకి చదువు."

చదవడం మొదలుపెట్టింది. కోడలు వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది. అంచు వంగిన కంచంలో అన్నం పెట్టుకుంది. కలుపుకుంది. వంటింటి వాకిట్లో, కొత్తగా కాపురానికి వచ్చిన మరిది పెళ్ళాం నిలబడి ఉంది. నువ్వూ రా అని కోడలు అంటే ఆ పిల్ల అంది, "మీరు తినండక్కా, నాకేం తొందర."

అక్కడ ఆగిపోయింది. ఆ వాక్యాన్ని మళ్ళీ చదివింది, ఈసారి లోపల్లోపల. తర్వాత ఆయన్ను అడక్కుండానే పుస్తకం వెనక్కి తిప్పింది. మొదటి పేజీల దాకా వెళ్ళి వేలు పెట్టింది.

"ఆ కంచం ముందు అత్తది సార్. ఈడ ఉండాది. అత్త కాపురానికి వచ్చిన కొత్తల్లో కూరలో ఉప్పు ఎక్కువైందని మామ విసిరేస్తే అంచు వంగినాదని రాసినారు. ఈ కంచంలో ఇప్పుడు కోడలు తింటా ఉండాది. కోడలి మాట ఆ చిన్నపిల్ల అంటా ఉండాది." వేలు ఆ కంచం మాట మీదే ఉంది. "నేను రాసింది తప్పు సార్. ఆకలి ఒక్క మనిషిది కాదు. ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి పోతా ఉండాది, ఆ కంచం మాదిరే. అత్తను చెడ్డదనుకున్నా నేను. అత్త కూడా ఎవరో ఒకరి తర్వాతే తినుంటుంది."

"ఉంటుంది అనకు. రాసి ఉందా?"

"అది రాయలేదు సార్. కంచం వంగిందని మాత్రం రాసినారు."

"అయితే అంతవరకే చెప్పు," అన్నాడాయన. ఆ మాట అన్న తీరు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఫ్యాను గాలికి అని సర్దుకున్నాను.

తర్వాత ఆయన ప్రాజెక్టు మూసి అసలు చిక్కు బయటపెట్టాడు. "ఇప్పుడు చెప్పింది బ్రహ్మాండంగా ఉంది. కానీ ఇందులో లేదు. అంకెలు తప్పు, చివరి పేజీ దాచిపెట్టావు. ఉన్నదానికి నేను మార్కులు వేస్తే పాసు కష్టం. లేనిదానికి వెయ్యలేను. నా బస్సు సాయంత్రం. నేను కాలేజీ గేటు దాటేలోగా నువ్వు ఇప్పుడు చెప్పింది రాసి, కొత్త పుస్తకం అంకెలతో ఇందులో చేర్చితే, ఈ ప్రాజెక్టుకు మార్కులు వేసి వెళ్తాను."

ఆమె వరండాలో నేల మీదే కూర్చుని రాయడం మొదలుపెట్టింది. ఆయన కొత్త పుస్తకం ఆమె పక్కన. ఎక్కువ టైము లేదు. నేను స్టాఫ్‌రూములోకి వెళ్ళి చరిత్ర లెక్చరర్‌తో జరిగింది చెప్పాను. వేళాకోళం చేస్తాడనుకున్నాను. లేచి చొక్కా సర్దుకున్నాడు.

"సార్‌ను నేను చూసుకుంటా మేడం. మీరు పోయి ఆ పాప దగ్గర కూసోండి," అన్నాడు.

ఆయన చూసుకున్న తీరు ఇది. పరీక్షకుణ్ణి తన గదికి తీసుకెళ్ళి మామిడిపండ్లు కోసి పెట్టాడు. ఒక రకం అయ్యాక ఇంకో రకం. ప్రతి పండుకూ ఒక చరిత్ర చెప్పాడు, అందులో సగం అప్పటికప్పుడు పుట్టింది. ఆయన బస్సు అంటే, నేను స్కూటర్ మీద దింపుతాను అన్నాడు. స్కూటర్ దగ్గరికి వెళ్ళాక తాళం దొరకలేదు. తాళం తన జేబులోనే ఉందని కాలేజీలో అటెండరుకు కూడా తెలుసు. పరీక్షకుడికి కూడా తెలిసిపోయిందని నా అనుమానం, ఎందుకంటే ఆయన తాపీగా ఇంకో ముక్క అందుకున్నాడు.

ఈలోగా అమ్మాయి రాసింది తెచ్చి ఇచ్చింది. ఆయన స్కూటర్ పక్కనే నిలబడి చదివాడు. ఒకచోట కలం ఆపి, "ఈ ముడి బాగుంది" అన్నాడు. ముడి అన్న మాట ఆయనకు ఎలా తెలిసిందని తర్వాత చూస్తే, ప్రాజెక్టు ముందుమాటలో ఆమె నార గురించి, పువ్వుల గురించి అంతా రాసేసింది. నాకు చూపించకుండా రాసిన పేజీ అదొక్కటే. మార్కులు వేసి సంతకం చేశాడు. చరిత్ర లెక్చరర్‌కు తాళం దొరికింది.

ఆ యేడే బి.ఇడి.లో చేరింది. ఇప్పుడు వడమాలపేట దగ్గర హైస్కూల్లో తెలుగు టీచర్. నా పద్ధతిలో ఆ రోజు మారింది ఒకటే. అంకె అడగడం మానలేదు, అలవాటు పోదు. అంకెకు ముందు "దేని తర్వాత? దేని ముందు?" అని అడగడం మొదలుపెట్టాను. నాకు ఫోన్ చేసే కొత్త టీచర్లకు కూడా అదే చెబుతాను. ఇంకో మాట కూడా చెబుతాను. పిల్లలు తాము అనుకున్నదానికి ఒప్పని పేజీని దాచేస్తారు. మనమూ దాచేస్తాం. ఆ పేజీ తీసి చదవమనండి. అప్పుడే అసలు చదువు మొదలవుతుంది.

నేను రిటైరయ్యాక ఒక ఆదివారం ఆమె నన్ను వాళ్ళింటికి పిలిచింది. బంగారుపాళ్యంలో బస్సు దిగితే స్కూటీ మీద వచ్చి తీసుకెళ్ళింది. చిన్న ఇల్లు, వాకిట్లో మామిడికాయల బుట్టలు. వాళ్ళమ్మను చూడడం అదే మొదటిసారి. పొట్టి మనిషి, అరచేతులు మామిడి సొనకు నల్లబడి ఉన్నాయి. చేతులు పమిటతో తుడుచుకుంటూ వచ్చి, "మేడమ్మా, కూసోండి. మా పాప మీ గురించే చెప్తా ఉంటాది," అంది. ఇద్దరన్నలు ఏదో పెళ్ళికి పోయారు. నాయనమ్మ అంతకు ముందు యేడే పోయింది.

వంటింట్లో చాప వేసింది అమ్మాయి. సంగటి, పప్పు, చెనిక్కాయల చట్నీ. మూడు కంచాలు పెట్టింది. నేను కూర్చున్నాను, ఆమె కూర్చుంది. వాళ్ళమ్మ పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వూ రామ్మా," అన్నాను.

"మీరు తినండి మేడమ్మా. నాకేం తొందర," అంది ఆమె.

ఆ మాట విని నేను అమ్మాయి వైపు చూశాను. అమ్మాయి నన్నే చూస్తోంది. నా ఎర్రసిరా కింద ఉన్న పేజీన్నరా అప్పుడు నా కళ్ళముందు నిలబడింది. నేను కొట్టేసిన తల్లి అక్కడ పొయ్యి దగ్గర ఉంది. ఆమె నవలలో లేదని నేను రాసింది నిజమే. కానీ ఈ పిల్లకు ఆ నవల చదవడం నేర్పింది ఈమె.

"అమ్మా, ఆ మాట అనొద్దని ఎన్నిసార్లు చెప్పినాను నీకు," అంది అమ్మాయి. లేచి వాళ్ళమ్మ చేతిలో గరిటె తీసుకుంది. భుజాలు పట్టి నా పక్కన కూర్చోబెట్టి, తనే వడ్డించింది. వాళ్ళమ్మ సిగ్గుతో నవ్వి, కాసేపు కంచం వైపు చూస్తూ కూర్చుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు. తర్వాత సంగటి తుంచి పప్పులో అద్దుకుంది. మేం ముగ్గురం కలిసి తిన్నాం.

కంచం ఖాళీ అయ్యాక వాళ్ళమ్మ తల ఎత్తలేదు. కంచం మాత్రం కూతురి వైపు కాస్త జరిపింది.

"ఇంకొంచెం పెట్టు పాపా," అంది.